జన్యువును తొలగిస్తారా, అణచిపెడతారా?

సందేహం: "అక్యూట్ హెపటిక్ పోర్ఫిరియా మీద ఒక వ్యాసంలో 'ఆర్‌ఎన్‌ఏ జోక్యంతో జన్యువును తొలగించి ఈ జీర్ణకోశ వ్యాధిని నయం చేస్తారు' అని ఉంది. జోక్యం అంటే అనవసరంగా తలదూర్చడం కదా! వైద్యానికి ఆ మాట నప్పుతుందా?"

సమాధానం: నప్పుతుంది. కోర్టు జోక్యం చేసుకుందంటే ఎవరూ తప్పుపట్టరు. సాగుతున్న పనికి మధ్యలో అడ్డుపడటం అనే అర్థం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. 1998లో శాస్త్రవేత్తలు ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో నులిపురుగుల జాతికి చెందిన ఒక చిన్న జీవిలో చూపించింది అదే: ఆర్‌ఎన్‌ఏ ముక్కలు జన్యువు పనికి మధ్యలో అడ్డుపడటం. 2006లో వాళ్లకు నోబెల్ కూడా వచ్చింది.

నన్ను ఇబ్బందిపెట్టిన మాట 'తొలగించి'. ఈ జబ్బుకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన గివోసిరాన్ అనే మందు ఏం చేస్తుందో చూడండి. కాలేయ కణాల్లో ఫలానా ఎంజైమును తయారుచేయమని జన్యువు నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ రూపంలో కబురు వెళ్తుంది. పోర్ఫిరియా ఉన్నవాళ్లలో ఆ ఎంజైము మితిమీరినప్పుడు విషపదార్థాలు పేరుకుపోయి భరించలేని కడుపునొప్పి, వాంతులు వస్తాయి. అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. మందులోని చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఆ కబురును పట్టుకుని తెగ్గొట్టిస్తుంది. జన్యువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, మళ్లీ మళ్లీ కబురు పంపుతూనే ఉంటుంది. అందుకే నెలకోసారి చర్మం కింద ఇంజెక్షన్ చేయించుకోవాలి. జన్యువునే తీసేస్తే ప్రతి నెలా సూది ఎందుకు? కాబట్టి 'అణచిపెట్టి' అనాలి.

'నయం చేస్తారు' కూడా అందుకే కుదరదు. నొప్పి దాడులు బాగా తగ్గుతాయి గానీ జబ్బు మూలం పోదు. బీపీ, షుగర్ మాత్రలను 'అదుపులో ఉంచే మందులు' అంటూనే ఉన్నాం, ఆ మాటే ఇక్కడా వాడవచ్చు. 'నయం' అన్న మాట నమ్మి ఎవరైనా రెండు సూదులతో ఆపేస్తే మళ్లీ ఆ నొప్పి అనుభవించేది వాళ్లే. వైద్యం గురించి రాసేటప్పుడు క్రియాపదం దగ్గర ఇంత పట్టింపు ఉండాల్సిందే.

'జీర్ణకోశం' సంగతి కూడా చెప్పాలి. ఆ మాట వినగానే మనకు తోచేది కడుపు, పేగులు. మందు పనిచేసేది లివర్‌లో. 'జీర్ణవ్యవస్థ' అంటే అదీ కలిసొస్తుంది, ఇక్కడైతే కాలేయం పేరే చెప్పడం మేలు. 'ఆర్‌ఎన్‌ఏ జోక్యంతో జన్యువును అణచిపెట్టి, కాలేయానికి సంబంధించిన ఈ జబ్బును అదుపులో ఉంచుతారు' అని రాస్తే సరిపోతుంది.