తమ్ముడికి ఈసీటీ ఇప్పించమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

మీ తమ్ముడికి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడటం లాంటివి ఉండే మానసిక జబ్బు) అని, రెండు రకాల మందులు మార్చినా చెవిలో మాటలు ఆగలేదని, ఇప్పుడు విజయవాడలో డాక్టరు ఈసీటీ (మత్తు ఇచ్చి, తలకు కాస్త కరెంటు పెట్టి ఫిట్స్ తెప్పించే చికిత్స) అంటున్నారని రాశారు. కరెంటు పెడితే మనిషి మొద్దుబారిపోతాడని మీ పెదనాన్నగారు అడ్డుపడుతున్నారన్నారు. మాది గుంటూరు. మా అక్కకి ఇదే జబ్బు, ఈసీటీ ఇప్పించాం. నేను డాక్టర్ని కాదు, పక్కనుండి చూసిందీ, అడిగి తెలుసుకున్నదీ చెబుతాను.

ముందు డాక్టర్ని ఒకటి అడగండి: ఏ లక్షణం తగ్గడానికి ఇస్తున్నారు?

మా అక్క విషయంలో అది కేటటోనియా. మాటా లేదు, కదలికా లేదు. నర్సు బీపీ చూడ్డానికి చెయ్యి ఎత్తి వదిలేస్తే ఆ చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయేది. అమ్మ పెట్టిన పెరుగన్నం ముద్ద ఎంతసేపైనా బుగ్గలోనే ఉండేది. (ఈలోగా గాలి సోకిందని తాయెత్తు కట్టినవాళ్లూ ఉన్నారు, ఆ సంగతి వదిలేయండి.) లోరాజెపామ్ ఇంజెక్షన్లకు కాస్త కదిలినట్టే కదిలి మళ్లీ బిగుసుకుపోయింది. తిండీ నీళ్లూ మానేసిన మనిషికి మాత్రలు పనిచేసేదాకా వారాల తరబడి ఆగలేమన్నారు. ఇలాంటి స్థితిలో ఈసీటీ బాగా పనిచేస్తుంది. మూడు నాలుగు సార్లు అయ్యాక ఒక మధ్యాహ్నం "చారులో ఉప్పు చాల్లేదు" అంది. అన్ని రోజుల తర్వాత మేం విన్న మొదటి మాట అదే.

మీ తమ్ముడి పరిస్థితి వేరుగా ఉంది. రెండు మందులు సరైన డోసులో, సరిపడా వారాలు వాడినా తగ్గకపోతే మామూలుగా తర్వాత ఇచ్చేది క్లోజాపిన్ అనే మందు. దానితో తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయిస్తారు. అదీ చాలనప్పుడు దానికి తోడుగా ఈసీటీ ఇస్తారు. 2015లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, క్లోజాపిన్‌కు లొంగనివాళ్లకు ఈసీటీ కూడా ఇస్తే సగం మందికి లక్షణాలు బాగా తగ్గాయి. క్లోజాపిన్ ఒక్కటే వాడినవాళ్లలో ఒక్కరికి కూడా ఆ మేరకు తగ్గలేదు. కాబట్టి మీవాడికి క్లోజాపిన్ ఇచ్చి చూశారా, చూడకపోతే ఎందుకని అడగండి. మొహమాటపడొద్దు. ఆత్మహత్య ఆలోచనల్లాంటి తొందరపెట్టే కారణం ఉంటే ఆయనే చెబుతారు.

ఇక కరెంటు సంగతి. పాత సినిమాల్లో మనిషిని మంచానికి కట్టేసి, అరుస్తుంటే షాకులు పెట్టే సీనుంటుంది చూడండి, మీ పెదనాన్నగారి మనసులో ఉన్నది బహుశా అదే. ఒకప్పుడు మత్తు లేకుండా ఇచ్చిన మాట నిజమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్ దాన్ని నిషేధించింది. మత్తు, కండరాలు సడలించే మందు రెండూ ఉండాల్సిందే. 18 ఏళ్లు నిండనివాళ్లకైతే సంరక్షకుల సమ్మతితో పాటు ఆ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కూడా కావాలి. మత్తు డాక్టరు లేరంటే ఆ ఆసుపత్రి నుంచి లేచి వచ్చేయండి.

రాత్రి భోజనం తర్వాత కడుపు ఖాళీగా ఉంచాలి, పొద్దున కాఫీ కూడా ఇవ్వకూడదు. నిద్రపోయాక కండరాలు సడలించే ఇంజెక్షన్ ఇస్తారు. దానివల్ల ఫిట్స్ బయటికి కనబడవు. అందుకని ఒక కాలికి ముందే బీపీ పట్టీ బిగించి, ఆ మందు పాదం దాకా పోకుండా ఆపుతారట. ఒళ్లంతా నిశ్చలంగా ఉండగా ఆ పాదం ఒక్కటే కొట్టుకుంటుంది. దాన్నీ, ఈఈజీ (మెదడు పనితీరు చూపే యంత్రం) గీతనీ చూసి ఫిట్ సరిగా వచ్చిందో లేదో తేల్చుకుంటారు. కరెంటు పెట్టేది కొన్ని సెకన్లే. నొప్పేసిందా అంటే మా అక్క "సూది గుచ్చింది గుర్తుంది, అంతే" అంటుంది.

జ్ఞాపకశక్తికి ఏమీ కాదని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. లేవగానే తలనొప్పి, దవడ నొప్పి, కాసేపు అయోమయం ఉంటాయి, అవి తగ్గిపోతాయి. కొత్త విషయాలు గుర్తుండటం కూడా కొన్ని వారాల్లో మామూలైంది. కానీ ఈసీటీకి కొద్ది నెలల ముందు జరిగిన మా పాప ఓణీల ఫంక్షన్ తనకి ఈరోజుకీ గుర్తులేదు. ఫొటోలో హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డది తనే. "ఈ చీర ఎప్పుడు కొన్నాం?" అని విసుక్కుంటుంది. జబ్బు కూడా అందుకు కొంత కారణం కావచ్చని డాక్టరు అన్నారు. ఏమైనా ఆ జ్ఞాపకం పోయింది. అయినా మళ్లీ ఆ స్థితి వస్తే ఇప్పించమనే తను చెబుతుంది.

అక్కకి కూడా చెవిలో మాటలు ఉండేవి, అవి బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఎవరితో కలవకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అలాగే ఉన్నాయి, వాటిమీద ఈసీటీ పెద్దగా పనిచేయదు. మందులు మాత్రం నడుస్తూనే ఉండాలి. మా పక్క మంచం కుర్రాడు కుదుటపడ్డాడని ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేస్తే, కొన్నాళ్లకే మళ్లీ చేర్చాల్సి వచ్చింది.

ఒప్పుకుంటే గుండె జబ్బు, బీపీ, ఊగే పళ్లు, వాడుతున్న మందులు అన్నీ మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. మీ తమ్ముడు చెప్పింది అర్థం చేసుకునే స్థితిలో ఉంటే సంతకం అతనిదే, వాడికి విడమరిచి చెప్పమనండి. ఇంకో డాక్టరు మాట కూడా వినాలనుకుంటే గుంటూరు జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. రాత్రి వేళ ఏదైనా అడగాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.