బుజ్జమ్మకు, క్వెరీ ఫంక్షన్ రాసే ముందు

బుజ్జమ్మా,

ట్రాఫిక్ షెడ్యూలర్ (నెట్‌వర్క్‌లో ఏ ప్యాకెట్ ముందు పోవాలో తేల్చేది) లైబ్రరీలో క్వెరీ ఫంక్షన్, అంటే దాని లెక్కలు చదివి ఇచ్చే ఫంక్షన్, పని నీకు అప్పగించారని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. "అదేమైనా పెద్ద పనా బావగారూ?" అని అడిగింది. పెద్ద పనేనమ్మా అన్నాను. మన ఇంటి పిల్ల చేతికి అలాంటి పని వచ్చిందంటే గర్వంగా ఉండదూ! కానీ నువ్వు "ఉన్న నంబర్లు తీసి ఇవ్వడమేగా, వారంలో అయిపోతుంది" అన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. పాయింటర్ నల్ (ఖాళీ) అయినా, క్యూ (ప్యాకెట్లు వేచి ఉండే వరుస) నంబరు హద్దు దాటినా ఎర్రర్ ఇవ్వు. ప్రతి అంకె పక్కన అది బైట్లో, ప్యాకెట్లో, సెకనుకు బిట్లో రాసిపెట్టు. ఈ లెక్కలు దాచే కౌంటర్లన్నీ 64 బిట్లవే పెట్టు. లినక్స్‌లో ట్రాఫిక్‌ను అదుపు చేసే టీసీలో రేటును సెకనుకు బైట్లుగా 32 బిట్లలో పెట్టారు. అందులో సెకనుకు 34 గిగాబిట్లకు మించి పట్టదు. తర్వాత 64 బిట్ల రేటుకు ఇంకో చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

నా అసలు భయం వేరే. నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి ఫంక్షనే కౌంటర్లను కాపీ చేసి ఇచ్చి, వెంటనే వాటిని సున్నా చేసేది. రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. అక్కడ బైట్ల కౌంటరు 32 బిట్లే. 10 గిగాబిట్ల లింకు నిండా పారితే మూడున్నర సెకన్లలోపే అది చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది. చదివినప్పుడల్లా తుడిచేస్తే ఆ బాధ ఉండదనుకున్నారు. చదివేది ఒక్కరే అయినన్నాళ్ళూ బాగానే నడిచింది.

తర్వాత మానిటరింగ్ ప్రోగ్రాం వచ్చి, సెకనుకోసారి అదే ఫంక్షన్‌ను పిలవడం మొదలుపెట్టింది. ఒక రాత్రి వాయిస్ కాల్స్ తెగిపోతున్నాయని కస్టమర్ నుంచి ఫిర్యాదు. డ్యూటీలో ఉన్న కుర్రాడు కన్సోల్‌లో డ్రాప్స్ (పారేసిన ప్యాకెట్ల లెక్క) చూపించే కమాండ్‌ను సెకనుకోసారి ఆగకుండా నడిచేలా పెట్టి, వాయిస్ క్యూ వెయిట్ (దానికి దక్కే వాటా) పెంచాడు. మానిటర్‌లో డ్రాప్స్ గ్రాఫ్ సగానికి దిగింది. నయమైందనుకుని టికెట్ మూసి, కన్సోల్ కూడా మూసి ఇంటికెళ్ళాడు. నిజానికి డ్రాప్స్ ఒక్కటీ తగ్గలేదు. అతని కమాండ్ కూడా చదివి తుడిచే ఆ ఫంక్షన్‌నే పిలిచేది. సగం అతని తెర పట్టుకుపోయింది, సగం మానిటర్‌కు మిగిలింది, అంతే. కన్సోల్ మూయగానే గ్రాఫ్ మళ్ళీ లేచింది. తెల్లారి మీటింగులో అందరూ అతని మార్పునే అనుమానించారు. ఆ పిల్లాడు తల దించుకుని కూర్చున్న తీరు నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి సెకను సెకనుకూ కూడితే గానీ అసలు సంగతి బయటపడలేదు.

కరెంటు మీటరు చూసే మనిషి రీడింగు రాసుకుని, పోయిన నెల అంకె అందులోంచి తీసేస్తాడు. మీటరును సున్నా చేసి పోడు కదా! లినక్స్‌లో నెట్‌వర్క్ లెక్కలు చూపే ఎన్‌స్టాట్ కమాండ్ చేసేదీ అదే: కెర్నెల్ కౌంటర్ల జోలికి పోకుండా, పాత అంకెలు తన ఫైల్లో దాచుకుని తేడా చూపిస్తుంది. ప్యాకెట్లను వేగంగా నడిపే డీపీడీకే అనే లైబ్రరీల మూటలో పాత షెడ్ (షెడ్యూలర్) లైబ్రరీ కోడ్ తెరిచి చూడు, సబ్‌పోర్ట్ (పోర్టులో ఒక భాగం) లెక్కలు కాపీ చేశాక మెమ్‌సెట్‌తో తుడిచేసిన వరుస కనిపిస్తుంది. డీపీడీకేలోనే 2017లో వచ్చిన ట్రాఫిక్ మేనేజర్ ఏపీఐలో (ప్రోగ్రాంలు పిలిచే ఫంక్షన్ల జాబితాలో) తుడవాలా వద్దా అన్నది పిలిచినవాళ్ళే చెప్పేలా ఆర్గ్యుమెంట్ ఇచ్చారు. నాకు అది కూడా చాలదనిపిస్తుంది. తుడిచే ఫంక్షన్‌కు వేరే పేరు పెట్టు, ఎవరు పిలుస్తున్నారో కోడ్‌లో వెతికితే దొరకాలి.

అదే ఏపీఐలో ఇంకో మంచి పని చేశారు. ఏ ఏ కౌంటర్లు నిజంగా ఉన్నాయో ఒక మాస్క్‌లో, అంటే కౌంటరుకో బిట్ చొప్పున ఉన్న అంకెలో, చెబుతారు. నువ్వూ అలాగే చెయ్యి. హార్డ్‌వేర్ లెక్కపెట్టని దానికి సున్నా చూపించావంటే, డ్రాప్స్ లేవనే నమ్ముతారు.

ఇక లాక్ సంగతి, అంటే ఒకరు వాడుతుంటే మిగతావాళ్ళను ఆపే తాళం. లాక్ పెట్టేశానని గొప్పగా చెప్పావట, దగ్గరుంటే చెవి మెలిపెట్టేవాణ్ణి, తప్పించుకున్నావు! 10 గిగాబిట్ల దగ్గర చిన్న ప్యాకెట్లయితే ఒక్కోదానికి 67 నానోసెకన్లే వ్యవధి. నువ్వు ఒక్క మైక్రోసెకను లాక్ పట్టుకుంటే పదిహేను ప్యాకెట్లు వెనక ఆగిపోతాయి. ప్రాసెసర్‌లో ఏ కోర్ కౌంటర్ ఆ కోరే రాసుకోవాలి, చదివేవాళ్ళు కూడుకోవాలి. బైట్లూ ప్యాకెట్లూ ఒకే క్షణానివి కావాలంటే కౌంటర్లు రాసే ముందూ రాశాకా మారే సీక్వెన్స్ నంబరు పెట్టి, చదివే ముందూ చదివాకా దాన్ని పోల్చి చూడు. మారితే మళ్ళీ చదువు. క్యూ పొడవుతో పాటు టైమ్‌స్టాంప్ కూడా ఇవ్వు, ఆ అంకె ఎప్పటిదో తెలియాలి.

చిన్నప్పుడు మా ఆఫీసుకొచ్చి, స్విచ్ ముందు చతికిలబడి "ఏ లైటు దేనికి పెదనాన్నా?" అని ఒక్కొక్కటే అడిగేదానివి. నేను తెలియదన్న దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళేదానివి కాదు. ఇప్పుడు అన్నం మానేసి రాత్రి రెండింటి దాకా కోడ్ రాస్తున్నావట. అది మాత్రం నాకు నచ్చలేదు. వేళకు తిను, తల్లీ.

ముందు హెడర్ ఫైల్ (ఫంక్షన్ల పేర్లూ వివరాలూ ఉండేది) ఒక్కటే రాసి నాకు పంపు, లోపలి కోడ్ తర్వాత చూద్దాం. మొదటి టెస్ట్ మాత్రం ఇదే ఉండాలి: కొంత ట్రాఫిక్ పంపి ఆపేశాక, రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే రెండు పనులు) ఒకే క్యూ లెక్కలను పదేపదే చదవాలి. చివరిదాకా రెండింటికీ ఒకే అంకె రావాలి. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న