మీరడిగారు: విక్టోరియా భర్తకి తాతగారు

ప్రశ్న: విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్‌కి తాతగారైన ఒక జర్మన్ డ్యూక్ ఆడవేషంలో కొలువు తీరేవాడని ఎక్కడో చదివాను. నిజమేనా, పుక్కిటి పురాణమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. పేరు ఎమిల్ లియోపోల్డ్ ఆగస్ట్. 1772లో పుట్టాడు, 1804లో సాక్స్-గోటా-ఆల్టెన్‌బర్గ్‌కి డ్యూక్ అయ్యాడు. ఆల్బర్ట్ తల్లి లూయీజ్ ఈయన కూతురే. గౌను తొడుక్కుని కొలువులోకి వచ్చి, బిక్కమొహాలు వేసిన ఉద్యోగుల్ని చూసి ముచ్చటపడేవాడని ఆ కాలం వాళ్ళే రాసిపెట్టారు. తండ్రికి నక్షత్రాల పిచ్చి, ఏకంగా వేధశాలే కట్టించాడు. కొడుక్కి అందమైన వస్తువుల పిచ్చి.

మా అమ్మాయి ఎర్ఫర్ట్‌లో చదివే రోజుల్లో ఒకసారి ఈయన రాజధాని గోటా వెళ్ళాను. రైల్లో అరగంట కూడా పట్టదు. ఊరి మధ్య గుట్ట మీద ఫ్రీడెన్‌స్టైన్ కోట. అందులో ఆగస్ట్ పోగుచేసిన చైనా సామాను చూస్తూ నిలబడిపోయాను. బలపపురాయిలో చెక్కిన బొమ్మలు, బొటనవేలంత మొహాలు, ఒక్కోదానికి ఒక్కో నవ్వు! తండ్రి పురమాయించిన పనినే కొనసాగిస్తూ, జెట్జెన్ అనే యాత్రికుడి చేత డమాస్కస్, కైరోల్లో అరబ్బీ రాతప్రతులు వేలల్లో కొనిపించాడు. పాపం, ఆ జెట్జెన్ తిరిగి ఇల్లు చేరలేదు. 1811లో యెమెన్‌లో పోయాడు.

సంగీతమంటారా, 21 ఏళ్ళ వయొలిన్ కుర్రాడు లూయీ ష్పోర్‌ని 1805లో పిలిపించి ఆస్థాన వాద్యబృందం అప్పజెప్పాడు. వేబర్ అనే జర్మన్ స్వరకర్త తన రెండో పియానో కన్చెర్టోని (పియానోకీ వాద్యబృందానికీ కలిపి కూర్చిన రచన) ఈ డ్యూక్‌కే అంకితమిచ్చాడు.

నన్నడిగితే గౌను కన్నా పెద్ద సాహసం ఆయన రాసిన పుస్తకం. 1805లో పేరు లేకుండా అచ్చయింది. పేరు ‘క్యుల్లేనియోన్’. గ్రీకు పల్లెసీమలో పన్నెండు నెలలు, నెలకో కథ. అందులో ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుంటారు, సుఖంగా ఒకటవుతారు కూడా! శైలి మాత్రం మరీ పాకం ముదిరింది, నేను సగంలోనే ఆగిపోయాను.

అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నెపోలియన్ అంటే వల్లమాలిన మోజు. 1806లో అతని కూటమిలో చేరాడు. రాజ్యం చెక్కుచెదరలేదు, కానీ ఆ కూటమి కోసం గోటా కుర్రాళ్ళు స్పెయిన్‌లోనూ రష్యాలోనూ చచ్చారు. దొరగారు మాత్రం కోటలోనే ఉన్నారు.

ప్రశ్న: ఈయన తర్వాత ఆ రాజ్యం ఎవరికి పోయింది?
– మరో పాఠకుడు, ఖమ్మం

జవాబు: 1822లో ఆగస్ట్ పోయాడు. కోట పక్క తోటలోని చెరువు మధ్య లంకలో పూడ్చిపెట్టారు. మగపిల్లలు లేరు, తమ్ముడు గద్దెనెక్కి 1825లో పోయాడు. దాంతో వంశం ఆగిపోయి, చుట్టాలు పంపకాలకి కూర్చున్నారు. 1826లో గోటా కోబర్గ్ ప్రభువు ఎర్నెస్ట్‌కి దక్కింది. ఈ ఎర్నెస్ట్ ఎవరో కాదు, ఆగస్ట్ అల్లుడే. లూయీజ్‌ని ఇంట్లోంచి పంపేసి రెండేళ్ళయింది, విడాకులూ ఆ ఏడే అయ్యాయి. ఆ ఏడాదే ఆల్బర్ట్‌కి ఏడేళ్ళు నిండాయి.