పాత హాట్‌రాడ్ బ్రేకులు: ముందే షూల జోలికి పోకండి

కొత్తగా కొన్న హాట్‌రాడ్‌లో (వేగం కోసం మార్పులు చేసిన పాత కారు) బ్రేకు పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతోంది, షూలు (డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) మారిస్తే సరిపోతుందా అని అడిగారు కదా, సరిపోదండీ. నేను సరిగ్గా ఆ పనే చేసి నెల రోజులు పోగొట్టుకున్నాను.

నాది 1932 ఫోర్డ్. అప్పటి ఫోర్డ్‌లకు రాడ్లతో లాగే మెకానికల్ బ్రేకులే, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు 1939 మోడల్‌తో గానీ రాలేదు. అందుకే పాతకాలం హాట్‌రాడ్ వాళ్లు 1939-48 ఫోర్డ్‌ల బ్రేకులు ఊడదీసి తెచ్చి వీటికి బిగించేవారు, నా బండికీ అవే ఉన్నాయి. అమ్మినాయన బ్రేకులు బ్రహ్మాండం అన్నాడు, నేనూ నమ్మాను. తర్వాత కొత్త షూలు వేసి బయటికి తీస్తే బండి ఎడమకు లాగుతోంది, దిగి చూస్తే ముందు ఎడమ డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. షూ అడ్జస్ట్‌మెంట్‌లో తేడా అనుకుని రెండు వారాలు దాంతోనే కుస్తీ పట్టాను. తీరా చూస్తే రబ్బరు హోస్ లోపల ఉబ్బి పూడుకుపోయింది: కాలి బలానికి బ్రేక్ ఆయిల్ వెళ్తోంది గానీ కాలు తీశాక వెనక్కి రావడం లేదు. పైకి మాత్రం హోస్ కొత్తదానిలాగే ఉంది! చక్రం అలా పట్టేసినప్పుడు బ్లీడర్ (చక్రం దగ్గర ఆయిల్, గాలి బయటికి వదిలే స్క్రూ) కాస్త వదులు చేయండి, వెంటనే తిరిగితే లోపం ఆయిల్ దారిలో ఉన్నట్టు, షూలలో కాదు.

మీ పెడల్ దిగడానికి నా మొదటి అనుమానం మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) లోపలి రబ్బరు కప్పుల మీద, లేదా ఎక్కడో లీకు. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే అది పైపుల్లో గాలి, వేరే సంగతి. పాత మాస్టర్ సిలిండర్ సింగిల్ (అన్ని చక్రాలకూ ఒకే దారి) అయితే రిపేరు చేయించకండి, డ్యూయల్ (రెండు వేర్వేరు దారులు) వేయండి. సింగిల్‌లో ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది, డ్యూయల్‌లో కనీసం రెండు మిగులుతాయి. సిలిండర్ ఫ్లోర్ కింద ఉంటే ఆయిల్ వెనక్కి జారిపోకుండా పైపులో కొద్దిగా ఒత్తిడి నిలిపే రెసిడ్యువల్ వాల్వ్ కావాలి, డ్రమ్ములకు 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), డిస్కు బ్రేకులకు 2. నేను మొదట ఇది పెట్టకుండా ప్రతిసారీ పెడల్ రెండుసార్లు కొట్టుకుంటూ తిరిగాను, నవ్వుకోండి.

హోస్‌లు, వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర షూలను నెట్టేవి), తుప్పు పట్టిన పైపులు అన్నీ ఒకేసారి మార్చేయండి. రాగి పైపు మాత్రం వద్దు, అదురుకు చిట్లుతుంది. పాత షూలలో ఆస్బెస్టాస్ (పీలిస్తే ప్రమాదం) ఉండొచ్చు కాబట్టి ఎయిర్‌తో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ ఉన్నదాంట్లో డాట్ 5 రకం కలపకండి, అది సిలికాన్.

ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, కానీ కొనేముందు మీ రిమ్ములో క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) పడుతుందో లేదో కొలుచుకోండి, పాత రిమ్ములకు చాలాసార్లు తగులుతుంది.

అంతా అయ్యాక బండి కదపకుండానే పెడల్‌ను గట్టిగా ఒక నిమిషం తొక్కి పట్టి, ఇంకొకరిని ప్రతి జాయింటు చూడమనండి. నాది అప్పుడు కూడా ఒకచోట కారింది.