అడవి దేవుడా, కంచా?

ప్రశ్న: బడిలో పోటీకి మా అబ్బాయి చేత వ్యాసం రాయించాను. 'మన పూర్వులు ప్రకృతిని దైవంగా కొలిచారు, అడవులు నరకడం తెల్లవాళ్లు నేర్పిందే' అని. మా మామగారు చదివి, 'అంత తేలిగ్గా తేల్చెయ్యకమ్మా' అన్నారు. ఎవరిది రైటు?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: నా ఓటు మీ మామగారికేనమ్మా.

కొలిచిన మాట అబద్ధం కాదు. వేపచెట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టిన చేతులే పక్కనున్న తుమ్మని కొట్టి పొయ్యిలో పెట్టాయి. ఆ రెంటికీ పేచీ ఉందని మన అవ్వలెవరూ అనుకోలేదు.

1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయల్నే చూడండి. ఆయన రాసిన ఆముక్తమాల్యద కావ్యం నాలుగో ఆశ్వాసంలో, రాజ్యం వదిలి వెళ్తున్న యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతూ అడవుల సంగతి ఎత్తుతాడు. గడి ప్రాంతాల్లో, అంటే సరిహద్దుల్లో, అడవిని పెంచు, దేశం నడుమ ఉన్నదాన్ని కొట్టించు, దొంగల బెడద ఉండదు అంటాడు. పొలిమేరలో ఉంటే కోటగోడ, నట్టనడుమ ఉంటే దొంగల దాపు. చెట్టు అదే, నిలబడ్డ చోటే తేడా.

అక్కడే నీళ్ల మాటా ఉంది. నేల కొంచెమే అయినా కుంటలు, కాలవలు తవ్వించి పేదరైతుకి పన్నూ, కోరూ (పంటలో వాటా) తగ్గిస్తే ధనమూ ధర్మమూ పెరుగుతాయని. రాయలు రాసి ఊరుకునే రకం కాదు. విజయనగరం దగ్గర ఆయన తవ్విస్తున్న చెరువుని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కళ్లారా చూశాడు. పదిహేను ఇరవై వేలమంది చీమల్లా కమ్ముకుని ఉంటే కాళ్ల కింద నేల కనపడలేదట. కట్ట రెండు మూడుసార్లు తెగింది. దేవుడికి కోపం వచ్చిందన్నారు. గుడి వాకిట అరవైమంది తలలు కొట్టించారని, గుర్రాల్నీ దున్నల్నీ కూడా బలిచ్చారని పాయెస్ రాశాడు. ప్రకృతిలో దైవాన్ని చూడడమంటే మీవాడి వ్యాసంలో ఉన్నంత చల్లటి వ్యవహారం కాదు మరి.

తెల్లవాళ్ల సంగతికొస్తే, నరికారు, అందులో అనుమానం లేదు. నాటమనీ అన్నారు, అవసరం మెడ మీదకొచ్చాక. యుద్ధనౌకలకి ఓక్ దుంగలు దొరక్కుండా పోతాయన్న బెంగతో జాన్ ఎవెలిన్ అనే రచయిత 1664లో ఇంగ్లండులో ఓ పెద్ద పుస్తకమే వేశాడు. 1669లో ఫ్రాన్సులో రాజుగారి మంత్రి కోల్బేర్ అడవుల చట్టం తెచ్చాడు, అక్కడా నౌకాదళం గొడవే. ఈ రెంటికీ మధ్యన, 1666లో, వీళ్లతో ఏ సంబంధమూ లేకుండా జపాన్‌లో తొకుగావా ప్రభుత్వం ఓ ఉత్తర్వు వేసింది: కొండల మీద చెట్లని వేళ్లతో సహా పెకలించకండి, బోడిగా ఉన్నచోట మొక్కలు నాటండి, మట్టి కొట్టుకొచ్చి ఏళ్లు పూడిపోతున్నాయి అని. ఇంగ్లీషువాడికి చెట్టులో ఓడ కనపడితే, జపానువాడికి కొండ మీద చెట్టులో కింద పారే ఏరు కనపడింది. నన్నడిగితే అందరిలోకీ దూరం చూసింది జపానువాడే.

రాయలకి లెక్కలే తప్ప ప్రేమ లేదనుకునేరు! ఆముక్తమాల్యద మొదట్లోనే విల్లిపుత్తూరు బాతుల పద్యం ఉంది. నేను నెల్లూరు వైపు తెలుగు పాఠాలు చెప్పిన రోజుల్లో, కోతలయ్యాక మడుల్లోకి బాతుల మందల్ని తోలుకొచ్చేవాళ్లు. తల రెక్కలో దూర్చి ముడుచుకున్న బాతుని ఓ మసకచీకటి వేళ కాలవగట్టున చూశాకే ఆ పద్యం నాకు పట్టుబడింది. పిండి ముద్దచేసి పడేసిన పంచె, అచ్చంగా! పద్యంలో తలార్లూ, అంటే ఊరి కావలివాళ్లూ, అలాగే పొరబడతారు. తెల్లవారుజామున స్నానాలు చేసి వెళ్లిన బ్రాహ్మలు బట్టలు మరిచిపోయారనుకుంటారు, ఇళ్లకి చేరుద్దామని రేవులోకి దిగుతారు. బట్టలు లేచి పరుగో పరుగు. వరిచేల కాపలా ఆడవాళ్లు అది చూసి ఒకటే నవ్వు.

మీవాడి చేత ముందు ఈ పద్యం చదివించండి. వ్యాసం తర్వాత దిద్దుకోవచ్చు.