దాయాదుల పోరు – దాయం ఎక్కడ?

సందేహం: 2024 మార్చిలో రియాద్‌లో జరిగిన ఈజిప్టు కప్పు ఫుట్‌బాల్ ఫైనల్లో అల్ అహ్లీ జట్టు 2–0 తేడాతో జమాలెక్‌ను ఓడించినప్పుడు ఒక క్రీడా పుటలో ‘దాయాదుల పోరులో అహ్లీదే పైచేయి’ అన్న శీర్షిక చదివాను. రెండూ కైరో నగరపు క్లబ్బులే గాని, వాటి మధ్య చుట్టరికం ఏముంది? ‘దాయాదులు’ అనడం సాధువేనా? ఒక పేరుకు ‘అల్’ ఉంచి రెండో పేరుకు తీసివేయడం సబబేనా? – ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీకు కలిగిన సందేహం న్యాయమైనది. భారత్, పాకిస్తాన్ జట్ల ఆటకు ‘దాయాదుల పోరు’ అని మొదట పేరు పెట్టిన విలేకరి ఎవరో గాని మాటలోని పస తెలిసినవాడు. ఒక ఇల్లు రెండుగా పంచుకున్న తరువాత వచ్చిన పోటీ అది, కనుక మాట చక్కగా అతికింది. ఆ తరువాత వచ్చినవారు పంపకం సంగతి మరచి, గట్టి పోటీ ఎక్కడ కనబడితే అక్కడ ఈ మాటను అతికించడం మొదలుపెట్టారు. మాట ఎందుకు పుట్టిందో ఆలోచించకుండా వాడే ఈ అలవాటు మంచిది కాదు.

‘దాయం’ అంటే వారసత్వంగా పంచుకోవలసిన సొత్తు. దాయాన్ని పుచ్చుకొనేవాడు దాయాదుడని కొందరు, దాయాన్ని తినేవాడు దాయాదుడని మరికొందరు వ్యుత్పత్తి చెప్పారు. పుచ్చుకోవడమైనా తినడమైనా ఆ సొత్తు మీద అతనికి పుట్టుకతో వచ్చిన హక్కు ఉన్నదనడంలో ఇద్దరికీ భేదం లేదు. అమరకోశం ‘దాయాదౌ సుతబాంధవౌ’ అని కొడుకునూ బంధువునూ ఆ మాటతో చెప్పింది. అంటే సంస్కృతంలో కన్నకొడుకు కూడా దాయాదుడే, అక్కడ పగ ప్రసక్తి లేదు. తెలుగులోకి వచ్చిన తరువాత కొడుకు ఆ అర్థంలో నుంచి తప్పుకున్నాడు, అన్నదమ్ముల బిడ్డలు మిగిలారు, వారితోపాటు పొలం గట్టు తగాదా వచ్చి చేరింది. అంతటితో ఆగక, పొట్టి రూపమైన ‘దాయ’ పాత కావ్యాలలో ఏకంగా శత్రువనే అర్థాన్నే తెచ్చుకుంది. చుట్టాన్ని చెప్పే మాట పగవాడిని చెప్పే మాటగా మారిన ఈ తీరులో మన ఉమ్మడి కుటుంబాల చరిత్ర కొంత దాగి ఉన్నది. దీనికి అచ్చతెలుగులో సాటి వచ్చే మాట ‘పాలివాడు’. పాలు అంటే వాటా, వాటా కలవాడు పాలివాడు. పల్లెలలో ఈనాటికీ ‘పాలోళ్ళు’ అనే అంటారు, నగరాల పత్రికలు మాత్రం ఆ మాటను దగ్గరికి రానివ్వవు.

దాయాది అన్న మాట బరువు తెలియాలంటే తిక్కన ఉద్యోగపర్వం చదవాలి. అక్కడి తగవంతా దాయభాగం గురించే. రాజ్యంలో తమ పాలు అడగడానికి కృష్ణుణ్ణి కౌరవసభకు పంపుతూ, అయిదూళ్ళతోనైనా సరిపెట్టుకోవడానికి సిద్ధపడిన ధర్మరాజు నోట తిక్కన పలికించిన ఆటవెలది ఇది:

పగయ కలిగెనేనిఁ బామున్న యింటిలో
నున్న యట్ల కాక యూఱడిల్లి
యుండు నెట్లు చిత్త మొకమాటు గావున
వలవ దధిక దీర్ఘ వైరవృత్తి

పగ అంటూ ఉంటే పాము ఉన్న ఇంట్లో ఉన్నట్లే గాని మనసు ఊరట పడేదెట్లా అని ప్రశ్న. ఇందులో ‘ఇంటిలో’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. పాము అడవిలో ఉన్నదనలేదు, పుట్టలో ఉన్నదనలేదు, ఇంటిలో ఉన్నదన్నాడు. పరాయివాడితో పగ వాకిలి అవతల ఉంటుంది, తలుపు వేసుకొని నిద్రపోవచ్చు. దాయాదితో పగకు వేసుకోవడానికి తలుపు లేదు, ఎందుకంటే ఇల్లు ఇద్దరిదీ. ‘శత్రువు’ అన్న మాట ఒక్కసారి కూడా పలకకుండా దాయాదివైరం ఎలాంటిదో అంత తేలికగా, నాలుగు చిన్న పాదాలలో చెప్పగలిగినవాడు మన సాహిత్యంలో మరొకడు కనబడడని నా నమ్మకం. ‘ఊఱడిల్లి’ పాదం చివర నిలిచి, ‘యుండు నెట్లు’ తరువాతి పాదంలోకి జారడం వల్ల ఊరట అందినట్లే అంది చేజారినట్లు చెవికి వినబడుతుంది. శీర్షికలు రాసేవారు ఏడాదికొకసారైనా ఉద్యోగపర్వం తిరగేస్తే మన క్రీడా పుటలు బాగుపడతాయి.

‘పోరు’ గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. యుద్ధానికీ పోటీకీ ఇంట్లో సతాయింపుకూ అదే మాట.

ఇక మీ జట్ల సంగతి. అల్ అహ్లీ 1907లో, బ్రిటిష్ వారి ఆక్రమణలో ఉన్న ఈజిప్టులో, అక్కడి విద్యార్థులు కలుసుకొనే చోటు కావాలన్న సంకల్పంతో ఒమర్ లుత్ఫీ పూనికపై ఏర్పడింది. దాని పేరుకు జాతీయమైనదని అర్థం. జమాలెక్ 1911లో మెర్జ్‌బాక్ అనే బెల్జియన్ న్యాయవాది నెలకొల్పగా కస్ర్ అల్ నీల్ పేరుతో మొదలై, అల్ ముఖ్తలత్, అంటే మిశ్రమమైనది, అనే పేరు పెట్టుకొని, తరువాత రాజు ఫారూక్ పేరు ధరించి, 1952 విప్లవం తరువాత నైలు నదీ ద్వీపంలోని పేట పేరు తీసుకుంది. ఈ రెండూ ఏనాడూ ఒక గొడుగు కింద లేవు, విడిపోలేదు, పంచుకోలేదు. కాబట్టి నిక్కచ్చిగా చూస్తే వీటిని దాయాదులనడం కుదరదు.

అయితే మాటకు రెండో వైపు కూడా చూడాలి. నగరం ఒక్కటే. 1960లో తెరిచిన కైరో అంతర్జాతీయ స్టేడియం రెండింటికీ సొంత మైదానమే. 2020 నవంబరు 27న ఆ మైదానంలోనే, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేకుండా జరిగిన ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ ఫైనల్లో అహ్లీ 2–1తో జమాలెక్‌పై గెలిచింది. ఒకే దేశపు రెండు క్లబ్బులు ఆ ఫైనల్లో తలపడడం అదే మొదటిసారి. ఒక్క మైదానాన్నీ ఒక్క కప్పునూ ఇద్దరూ తమదేననుకోవడంలో దాయం ఛాయ కొంత లేకపోలేదు. పైగా అరబ్బీలో ‘అహ్ల్’ అంటే కుటుంబం, సొంతవారు. ‘అహ్లీ’ దాని నుంచే వచ్చింది, అంతర్యుద్ధాన్ని చెప్పే అరబ్బీ మాటలో ఉన్నదీ అదే. సొంతవారి మధ్య పోరు అన్న భావం ఆ భాషకూ కొత్త కాదు.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. మన సంప్రదాయంలో దాయాది అంటే కేవలం తగవులాడేవాడు కాదు. మాటలు లేకపోయినా అతని ఇంట బిడ్డ పుడితే నీకు పురుడు, చావు జరిగితే నీకు మైల. ఆ బాంధవ్యాన్ని కోర్టు తీర్పు కూడా తెంచలేదు. 2012 ఫిబ్రవరి 1న పోర్ట్ సయీద్‌లో ఆ ఊరి జట్టు అల్ మస్రీతో అహ్లీ ఆడిన ఆట ముగియగానే జరిగిన దాడిలో డెబ్బై మందికి పైగా, ఎక్కువగా అహ్లీ అభిమానులు, ప్రాణాలు కోల్పోయారు. అదే సాయంత్రం కైరోలో జమాలెక్ ఆడుతున్న ఆట ఆ వార్త అందడంతో మధ్యలోనే ఆగిపోయింది. మూడేళ్ళకు, 2015 ఫిబ్రవరిలో, కైరోలోని ఒక స్టేడియం వెలుపల తొక్కిసలాటలో జమాలెక్ అభిమానులు సుమారు ఇరవై మంది మరణించారు. పోర్ట్ సయీద్ తరువాత ఈజిప్టు మైదానాలు ఏళ్ళ తరబడి ప్రేక్షకులు లేకుండా, లేదా అతి కొద్దిమందితో నడిచాయి. చావులోనైనా పాలివారయ్యారు గనుక ఈ రెండు జట్లను దాయాదులంటే నేను కాదనలేను. కాని ఆ శీర్షిక రాసినవారు ఇంత ఆలోచించి రాశారని అనుకోలేను.

ఆ చావులు తెలిసినవారు ఈ ఆటకు ‘రణరంగం’, ‘బద్ధశత్రువుల సమరం’, ‘ఊచకోత’ వంటి మాటలు వాడకూడదు. నాలుగు గోల్స్ తేడాతో గెలిస్తే ఊచకోత అని రాసే పత్రికకు నిజంగా ఊచకోత జరిగిన నాడు ఏ మాట మిగులుతుంది? ఈజిప్టువారు తమ ఆటను అరబ్బీలో ‘అల్ కిమ్మా’ అంటారు, అంటే శిఖరం. అభిమానం అంత ఉద్ధృతంగా ఉన్నచోట కూడా ఆ పేరులో నెత్తురు లేదు.

నన్నడిగితే ‘చిరకాల ప్రత్యర్థులు’ మేలైన మాట. న్యాయస్థానపు వ్యవహారంలో వాది అర్థి, ప్రతివాది ప్రత్యర్థి. ఒకే వస్తువు కోసం న్యాయం ఎదుట నిలిచిన ఇద్దరన్న భావం కప్పు కోసం ఆడేవారికి సరిపోతుంది. ‘ఒకే ఊరి జట్ల పోటీ’ అన్నా లోటు లేదు. ‘దాయాదుల పోరు’ తప్పని కొట్టివేయను గాని, వ్యాసంలో ఎక్కడైనా ఆ దాయమేదో పాఠకుడికి చూపించినప్పుడే వాడమంటాను.

‘అల్’ సంగతి: అది ఇంగ్లిషు ‘ది’ వలె నామం ముందు చేరే మాట, అరబ్బీలో రెండు పేర్లకూ ఉంది. జమాలెక్ ముందు ఉన్నప్పుడు అందులోని లకారం తరువాతి అక్షరంలో కలిసిపోయి ‘అజ్జమాలెక్’ అని పలుకుతుంది. న్యాయంగా రెండింటికీ ఉంచాలి, లేదా రెండింటికీ తీసివేయాలి. వాడుకలో ‘అల్ అహ్లీ’, ‘జమాలెక్’ అని స్థిరపడ్డాయి కనుక ఇప్పుడు మార్చమని పట్టుబట్టను. పలికేటప్పుడు మాత్రం ఆ జకారాన్ని ‘జడ’లో వలె దంత్యంగా పలకండి, అసలు ఉచ్చారణకు అది దగ్గర. ఆ ధ్వనికి మన లిపిలో ‘ౙ’ అన్న అక్షరమే ఉండేది, అచ్చు పుస్తకాలలో నుంచి దాన్ని అనవసరంగా తప్పించారు.