ఉమ్మనీరు తగ్గిందన్నారు, డబ్బు ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. కౌలు సేద్యం. నా భార్యకు ఎనిమిదో నెల, మొదటి కాన్పు. ఉమ్మనీరు నాలుగున్నర సెంటీమీటర్లే ఉందని, తరచూ స్కానింగ్ చేయించాలని, కాన్పు ముందే చేయాల్సి రావచ్చని డాక్టరు గారన్నారు. చేతిలో దాళ్వా (రెండో పంట) డబ్బు 90 వేలుంది, అందులోంచే మక్తా (భూమి కౌలు) కట్టాలి. ఇప్పుడు హెల్త్ పాలసీ తీసుకోమంటారా? చీటీ పాడేయమంటారా?

జవాబు: పాలసీ వద్దండి. సొంతంగా తీసుకునే పాలసీల్లో ప్రసూతి ఖర్చు చాలావరకు రెండు నుంచి నాలుగేళ్లు ఆగాకే ఇస్తారు. ఈ కాన్పుకు అది అక్కరకు రాదు.

అందరూ ఆపరేషన్ ఖర్చు గురించే కంగారు పడతారు. నా భయం ఆ తర్వాతి దాని గురించి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బాక్సులో పెడితే బిల్లు రోజుల లెక్కన పెరుగుతుంది, ఎన్నాళ్లో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ వారమే ఆసుపత్రిలో అడగండి: పిల్లల ఐసీయూ ఇక్కడే ఉందా, లేక రాజమండ్రో కాకినాడో పంపిస్తారా? రోజుకు ఎంత? మందులు, పరీక్షలు అందులోనేనా, వేరేనా? అక్కడ ఎన్టీఆర్ వైద్యసేవ ఉంటే రేషన్ కార్డు పట్టుకెళ్లి, తల్లికీ బిడ్డకీ ఏ వైద్యం వర్తిస్తుందో చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రతో మాట్లాడండి.

ప్రభుత్వాసుపత్రిని చివరి దారిగా చూడకండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అక్కడ ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం ఉచితం. జబ్బు చేసిన బిడ్డకు ఏడాది వరకూ వైద్యం ఉచితమే. ప్రైవేటుకే వెళ్లాలనుకున్నా, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళ్లి అక్కడ ఒకసారి చూపించండి. అర్ధరాత్రి పరుగెత్తాల్సొస్తే కేసు వాళ్లకు కొత్తది కాదు.

చీటీ ఇప్పుడు పాడకండి. అవసరం తెలిస్తే పాట ఎక్కడికో పోతుంది, నష్టం మీదే. 90 వేలు చాలకపోతే బ్యాంకులో గానీ సొసైటీలో గానీ బంగారం కుదువ పెట్టండి. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మక్తాలో సగం సార్వా (తొలి పంట) మీద ఇస్తానని భూమిగల వారితో ఇప్పుడే చెప్పుకోండి. బిడ్డ సంగతి వింటే చాలామంది కాదనరు. కొంత నగదు ఇంట్లో ఉంచి, మిగతాది ఎప్పుడైనా తీసుకునేలా పొదుపు ఖాతాలో వేయండి.

ఖర్చు తగ్గించాలని స్కానింగ్ మాత్రం మానకండి. కొబ్బరినీళ్లు తాగితే సరిపోతుందని మన కోనసీమలో ఎవరో ఒకరు అంటారు. తాగనివ్వండి, కానీ అవి స్కానింగ్‌కు బదులు కావు. బిడ్డ కదలిక తగ్గినా, నీరు పోతున్నట్టనిపించినా ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి.

మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి, విడతలుగా. అవి ఈ ఖర్చులో లెక్కేసుకోవద్దు గానీ, ఆవిడ పేరు నమోదైందో లేదో అంగన్‌వాడీలో చూసుకోండి.